38 సైట్లు, మూడు హోస్టింగ్ ఖాతాలు: ప్రతి క్లయింటుకూ వేరే ఖాతా ఇవ్వాలా, యాడాన్ డొమైన్లుగానే ఉంచాలా?

బెజవాడ_వెబ్ | సోమవారం, రాత్రి 10:42

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో ఎనిమిదేళ్లుగా వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. పాఠశాలలు, క్లినిక్‌లు, రెండు నగల దుకాణాలు, ఒక దేవస్థానం ట్రస్టు, ఒక జిల్లా వార్తల పోర్టల్ అన్నీ కలిపి ఇవాళ్టికి 38 సైట్లు నా నిర్వహణలో ఉన్నాయి. ఇవన్నీ మూడు షేర్డ్ హోస్టింగ్ ఖాతాల్లో సర్దుకుని ఉన్నాయి. కొత్త క్లయింటు వచ్చినప్పుడల్లా ఏ ఖాతాలో చోటుంటే అందులో యాడాన్ డొమైన్‌గా (అంటే ఉన్న ఖాతాలోనే మరో సైటుగా) కలుపుతూ వచ్చానే తప్ప, ఒక పద్ధతి అంటూ ఏమీ పెట్టుకోలేదు.

అక్షయ తృతీయకు వారం ముందు ఒక పాఠశాల సైటులోకి, రెండేళ్లుగా అప్‌డేట్ చేయని స్లైడర్ ప్లగిన్ ద్వారా ఎవరో చొరబడ్డారు. గూగుల్‌లో ఆ పాఠశాల పేరు వెతికితే జపనీస్ లిపిలో చేతి గడియారాల ప్రకటనలు కనిపించాయి. రాత్రంతా కూర్చుని శుభ్రం చేశాను. మూడో రోజుకల్లా అదే ఖాతాలో ఉన్న మరో 13 సైట్లకు అదే జబ్బు అంటుకుంది. నేను శుభ్రం చేసిన పాఠశాల సైటు కూడా మళ్లీ మొదటికొచ్చింది. ఐదో రోజున హోస్టింగ్ సంస్థవారు ఖాతా మొత్తాన్ని నిలిపివేయడంతో, ఏ పాపమూ ఎరుగని నగల దుకాణం సైటు సరిగ్గా పండుగ ముందురోజు మూతపడింది. ఆ యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది.

నా ప్రశ్న ఇది. 38 సైట్లను 38 వేర్వేరు సీప్యానెల్ (హోస్టింగ్ ఖాతాను బ్రౌజరులో నడిపే ప్యానెల్) ఖాతాలుగా విడగొట్టడం అవసరమా? లైసెన్సు ఖాతాకింత చొప్పున పెరుగుతుందని విన్నాను. ఒకే ఖాతాలో ఉంచి భద్రత పెంచుకునే మార్గం ఏదైనా ఉంటే అది కూడా చెప్పగలరు.

రూట్‌గది | మంగళవారం, ఉదయం 6:15

బెజవాడ_వెబ్ గారూ, ముందు ఆ జబ్బు ఎందుకు తిరగబెట్టిందో చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

సర్వరును నడిపే లినక్స్‌కు మీ క్లయింట్లు తెలియరు, యూజర్లు మాత్రమే తెలుసు. ఒక సీప్యానెల్ ఖాతా అంటే సర్వరులో ఒక యూజరు. ఆ ఖాతాలో మీరు 14 డొమైన్లు పెట్టినా వాటి ఫైళ్లన్నింటికీ యజమాని ఆ ఒక్క యూజరే, వాటి పీహెచ్‌పీ కోడ్ నడిచేదీ ఆ యూజరు పేరు మీదే. పాఠశాల సైటులో చొరబడ్డవాడు నగల దుకాణం సైటులోకి వెళ్లడానికి మరో తాళం పగలగొట్టనక్కర్లేదు. పక్క ఫోల్డరులోకి నడిచి వెళ్తే చాలు. పద్నాలుగు డబ్ల్యూపీ-కాన్ఫిగ్ (వర్డ్‌ప్రెస్ సెట్టింగుల) ఫైళ్లూ, వాటిలోని పద్నాలుగు డేటాబేస్ పాస్‌వర్డులూ వాడి చేతికి ఒకేసారి అందుతాయి. అందుకే మీరు ఒక్కొక్క సైటును శుభ్రం చేస్తూ పోయినంతకాలం, ఇంకా ముట్టుకోని సైటులో మిగిలిన ఒక చిన్న ఫైలు వెనక నుంచి తక్కినవాటిని మళ్లీ పాడు చేస్తూనే ఉంటుంది.

ఇంకో రెండు చోట్లు చూశారా? ఒకటి, ఆ యూజరు క్రాన్ పట్టిక (నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే పనుల జాబితా). చొరబాటుదారులు అందులో ఒక వరస రాసిపెట్టి, నిమిషానికోసారి తమ ఫైలును తామే తిరిగి రాసుకుంటారు. రెండోది, ఫైలు చెరిపేసినా మెమరీలో నడుస్తూ ఉండిపోయే పీహెచ్‌పీ ప్రాసెస్. ఇండెక్స్ ఫైలును మీరు సరిచేసి సేవ్ చేసిన కొన్ని సెకన్లకే మళ్లీ పాత రూపంలో కనిపిస్తే, పని చేస్తున్నది అదేనని అర్థం. ముందు ఆ యూజరు ప్రాసెస్‌లన్నీ ఆపి, క్రాన్ పట్టిక ఖాళీ చేసి, ఆ తరువాతే ఫైళ్ల జోలికి వెళ్లాలి. యాడాన్ డొమైన్ల ఫోల్డర్లు పబ్లిక్-హెచ్‌టీఎంఎల్ (ప్రధాన సైటు ఫోల్డరు) లోపల ఉంటే, పైనున్న హెచ్‌టీయాక్సెస్ (సర్వరు నియమాల) ఫైలు కింద ఉన్న సైట్లన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి దాన్ని కూడా తెరిచి చదవండి. చివరగా పాస్‌వర్డులు, వర్డ్‌ప్రెస్ రహస్య కీలు మార్చండి. కీలు మార్చకపోతే, ఇప్పటికే లాగిన్ అయి ఉన్నవాడు పాస్‌వర్డు మారినా లోపలే ఉండే అవకాశం ఉంది.

ఇక ఖర్చు సంగతి. సీప్యానెల్ లైసెన్సు ఒకప్పుడు సర్వరుకు ఇంత అని ఉండేది, అందులో ఎన్ని ఖాతాలైనా తెరుచుకునేవాళ్లం. 2019 జూన్‌లో ఆ పద్ధతి మారుస్తున్నట్లు ప్రకటించి, సెప్టెంబరు 1 నుంచి ఖాతాల సంఖ్యను బట్టి వసూలు చేయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నాకు తెలిసిన చాలామంది నిర్వాహకులు డబ్బు మిగుల్చుకోవడానికి విడివిడి ఖాతాలను యాడాన్ డొమైన్లుగా కలిపేశారు. అప్పుడు మిగిలిన డబ్బు తరువాత ఎలా పోయిందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పటి శ్రేణులు 1, 5, 30, 100 ఖాతాలుగా ఉన్నాయి. మీరు 38 కాబట్టి సొంత సర్వరు పెట్టుకుంటే వంద ఖాతాల శ్రేణికే వెళ్లాలి. అంతకన్నా 40 లేదా 50 ఖాతాలు ఇచ్చే రీసెల్లర్ ప్లాన్ తీసుకోవడం మేలు. అందులో లైసెన్సు భారం మీ మీద పడదు, డబ్ల్యూహెచ్‌ఎం అనే నిర్వాహక ప్యానెల్‌లో ఖాతాలను మీరే తెరిచి, మూసి, కోటాలు పెట్టుకోవచ్చు.

రీసెల్లర్ ప్లాన్ ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, సర్వరులో క్లౌడ్‌లినక్స్ (ప్రతి యూజరుకూ వాటా కట్టే లినక్స్), దాని కేజ్‌ఎఫ్‌ఎస్ ఉన్నాయా అని. యూజర్లను విడదీసినంత మాత్రాన సరిపోదు. ఫైలు అనుమతులు వదులుగా ఉంటే సింబాలిక్ లింకుల (మరో ఫైలును చూపే అడ్డదారుల) ద్వారా పక్క యూజరు ఫైళ్లు చదివే పాత దాడులు ఉన్నాయి. కేజ్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి యూజరుకూ తన ఇల్లు తప్ప పక్కింటి గుమ్మం కూడా కనిపించదు.

పెంగ్విన్_పక్షం | మంగళవారం, ఉదయం 9:30

రూట్‌గది గారు చెప్పిన కారణాలన్నీ ఒప్పుకుంటూనే ఒక భిన్నాభిప్రాయం. కావలసింది వేర్వేరు లినక్స్ యూజర్లయితే దానికి ప్యానెల్ ఎందుకు? 8 జీబీ మెమరీ ఉన్న ఒక వీపీఎస్ (మనకే కేటాయించిన వర్చువల్ సర్వరు) తీసుకుని, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వరు పెట్టి, సైటుకొక యూజరు, యూజరుకొక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పూల్ (పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గుంపు) ఇస్తే లైసెన్సు ఖర్చు సున్నా.

లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. డేటాబేసుకు 2 జీబీ, సిస్టమ్‌కు 1 జీబీ వదిలేస్తే పీహెచ్‌పీకి మిగిలేది 5 జీబీ. ఒక వర్డ్‌ప్రెస్ ప్రాసెస్ సుమారు 80 ఎంబీ తింటుందనుకుంటే, ఏకకాలంలో అరవైకి మించి నడవలేవు. 38 పూల్‌లకూ తలా ఐదేసి ప్రాసెస్‌లు ఇస్తే మొత్తం 190, అంటే 15 జీబీ పైమాటే. అందుకని ఆన్‌డిమాండ్ (అవసరమైనప్పుడే ప్రాసెస్ లేచే) పద్ధతి పెట్టి చిన్న సైట్లకు రెండు, వార్తల పోర్టల్‌కు పది, పన్నెండు ఇచ్చుకోవాలి. ఒక సాయంత్రం పని.

విశాఖ_లెక్కలు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

పెంగ్విన్_పక్షం గారూ, ఆ సాయంత్రం మీకు ఉండవచ్చు. రాత్రి తొమ్మిదింటికి పాఠశాల గుమాస్తా ఫోన్ చేసి "కొత్త ప్రిన్సిపల్ మేడమ్‌గారికి మెయిల్ ఐడీ కావాలండీ" అన్నప్పుడు టెర్మినల్ తెరిచేది ఎవరు? ప్యానెల్ అనేది మన సౌకర్యం కోసం కాదు, మనం లేనప్పుడు క్లయింటు తన పని తాను చేసుకోవడం కోసం. మా సంస్థలో సర్వర్ల పని చూసే అబ్బాయి ఉద్యోగం మానేసిన రోజున, అతను చేత్తో రాసుకున్న ఎన్‌జిన్‌ఎక్స్ ఫైళ్లను అర్థం చేసుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది.

నేను సాంకేతిక నిపుణురాలిని కాను, విశాఖపట్నంలో ఒక చిన్న వెబ్ సంస్థకు లెక్కలు, పునరుద్ధరణలు చూస్తాను. కానీ బెజవాడ_వెబ్ గారి టపాలో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటి ఉంది. ఆ 38 డొమైన్లు ఎవరి పేరు మీద ఉన్నాయి? మా దగ్గర ఒక గుడి ట్రస్టు డొమైన్ గడువు తీరిపోయింది. రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే సంస్థ) పంపిన హెచ్చరికలన్నీ పాత ధర్మకర్తగారి మేనల్లుడి మెయిల్‌కు వెళ్లాయి, ఆయన ఆ మెయిల్ తెరిచి ఏళ్లయింది. గడువు తరువాతి వెసులుబాటు దాటి రిడెంప్షన్ దశకు వచ్చేసరికి మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టి విడిపించుకోవలసి వచ్చింది. సైటు అలాగే ఉంది, సర్వరు అలాగే ఉంది, పేరు మాత్రమే పోయింది.

ఆ తరువాత నేను ఒక షీటు మొదలుపెట్టాను. ప్రతి డొమైనుకూ ఒక వరస ఉంటుంది. రిజిస్ట్రార్ ఎవరు, యజమానిగా నమోదైన పేరు, మెయిల్ ఏవి, గడువు తేదీ ఎప్పుడు, డీఎన్‌ఎస్ (డొమైన్ పేరును సర్వరు చిరునామాకు కలిపే వ్యవస్థ) ఎక్కడ నడుస్తోంది, సైటు ఏ సర్వరులో ఉంది, మెయిల్ ఎవరి దగ్గర ఉంది, డబ్బు ఎవరి కార్డు నుంచి వెళ్తోంది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఈ ఎనిమిది గళ్లలో ఏది ఖాళీగా ఉంటే ఏదో ఒక రోజు అక్కడే దెబ్బ తగులుతుంది. మా షీటులో మొదటిసారి ఎక్కువ ఖాళీలు కనిపించింది యజమాని మెయిల్ గడిలో.

కార్డు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనలు అమలైనప్పుడు, విదేశీ సంస్థలకు ఏటా వాటంతటవే వెళ్లే చెల్లింపులు చాలామందికి ఆగిపోయాయి. 2022 జూన్‌లో పరిమితిని 15,000 రూపాయలకు పెంచారు కానీ, అది దాటే పునరుద్ధరణకు ప్రతిసారీ ఓటీపీ కావాలి, మ్యాండేట్ నమోదు కాని కార్డయితే చిన్న మొత్తం కూడా పోదు. "ఆటో రెన్యూవల్ ఆన్" అని కనిపించినంత మాత్రాన నమ్మకండి. గడువుకు నెల ముందు నేనే స్వయంగా కట్టేస్తాను. క్లయింటు నుంచి మనకు రావలసినదానిలో 18 శాతం జీఎస్‌టీ విడిగా చూపడం కూడా మొదటి ఇన్‌వాయిస్ నుంచే అలవాటు చేసుకోండి, తరువాత కలిపితే గొడవే.

పెంగ్విన్_పక్షం | మంగళవారం, మధ్యాహ్నం 1:40

ప్రిన్సిపల్ మేడమ్‌గారి వాదనకు నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకుంటున్నాను. ఉచిత ప్యానెళ్లు ఉన్నాయి కదా అని మాత్రం అంటాను.

రూట్‌గది | మంగళవారం, రాత్రి 8:20

ఉన్నాయి, వాటిలో కొన్ని బాగానే పనిచేస్తాయి. అయితే ప్యానెల్ అంటే రూట్ (సర్వరు మొత్తం మీద) అధికారంతో ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే ప్రోగ్రామ్ అని మరిచిపోకూడదు. 2024 అక్టోబరు చివర్లో సైబర్‌ప్యానెల్‌లో పాస్‌వర్డు లేకుండానే ఆదేశాలు నడిపించగల లోపం బయటపడినప్పుడు, కొద్ది రోజుల్లోనే వేల సర్వర్ల ఫైళ్లను రాన్సమ్‌వేర్ ముఠాలు తాళం వేసేశాయి. డబ్బు కట్టే ప్యానెల్‌లో లోపాలు రావని కాదు. ఏ ప్యానెల్ అయినా దాని పోర్టును మీ ఆఫీసు ఐపీకో వీపీఎన్‌కో మాత్రమే తెరిచి ఉంచండి. క్లయింట్లకు ప్యానెల్ ఇవ్వవలసి వచ్చినప్పుడు అది కుదరదు, అందుకే రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేయండి.

ఫ్రిస్కో_నుంచి | బుధవారం, ఉదయం 7:55

టెక్సాస్ నుంచి నమస్కారం. ఇక్కడి తెలుగు సంఘాల సైట్లు కొన్ని స్వచ్ఛందంగా చూస్తాను. ఉద్యోగరీత్యా పదకొండేళ్లు హోస్టింగ్ సపోర్టులో మైగ్రేషన్లు చేశాను. విడగొట్టాలనే నిర్ణయానికి మీరు దాదాపు వచ్చినట్లున్నారు కాబట్టి, తరలింపులో తెలుగు సైట్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి.

డేటాబేస్ కొత్త సర్వరుకు మారాక తెలుగు వార్తలన్నీ ఒక విచిత్రమైన లిపిలోకి మారిపోవడం మీరు చూసే ఉంటారు. తల మీద ఏటవాలు గీత ఉన్న రోమన్ ఏ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు లేదా కూడిక-తీసివేత కలిసిన గుర్తు, మళ్లీ అదే ఏ, మళ్లీ అదే గుర్తు. దీనికి కారణం సులువు. యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతిలో) ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు. మొదటి బైటు అన్ని తెలుగు అక్షరాలకూ ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి. ఆ బైట్లను ఎవరో మధ్యలో లాటిన్-1గా (అక్షరానికి ఒకే బైటు చొప్పున రోమన్ లిపిని రాసే పాత పద్ధతిగా) చదివితే మొదటి బైటు ఆ ఏ గానూ, రెండోది ఆ రెండు గుర్తుల్లో ఒకటిగానూ కనిపిస్తాయి. పాత సర్వరులో డేటాబేస్ కనెక్షన్ లాటిన్-1గా ఉండి, సైటు మాత్రం యూటీఎఫ్-8 పంపుతూ వచ్చిన 2010 నాటి సైట్లలో ఇది సర్వసాధారణం. అక్కడ రెండు తప్పులు కలిసి ఒప్పులా కనిపిస్తూ వచ్చాయి. మీరు మార్చగానే ఒక తప్పు సరై, రెండోది బయటపడింది.

పరీక్షించే పద్ధతి చెప్తాను. 'అమ్మ' అనే మాట మాత్రమే ఉన్న ఒక గడి వెతికి, డేటాబేసునే అక్షరాల పొడవు అడగండి. అ, మ, పొల్లు, మ అని నాలుగు రావాలి, బైట్ల పొడవు పన్నెండు రావాలి. అక్షరాల పొడవే పన్నెండు అని వస్తే లోపల ఉన్నది తెలుగు కాదు, లాటిన్ ముసుగులో ఉన్న తెలుగు. అప్పుడు డంపును (డేటాబేస్ కాపీ ఫైలును) లాటిన్-1గానే తీసి, ఫైలులోని అక్షరసమితి ప్రకటనను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి, కొత్త చోట ఎక్కించాలి. ఈ స్థితి నుంచి తిరిగి రావచ్చు. కానీ తెలుగు స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం ఆ కాపీలో అక్షరాలు నిజంగానే పోయినట్లు, అసలు డంపు తప్ప వేరే దారి లేదు. కాబట్టి తరలించిన వెంటనే పాత ఖాతాను ఎప్పుడూ రద్దు చేయకండి, కనీసం ఒక బిల్లింగ్ నెల ఉంచండి.

ఇంకా చిన్న విషయాలు. మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేసులో తీసిన డంపు పాత మరియాడీబీ డేటాబేసులో కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమాల) పేరు తెలియదంటూ ఆగిపోతుంది. ఆ పేరును డంపులోనే మార్చుకోవాలి. డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే విలువను) తరలింపుకు ఒక రోజు ముందే 300 సెకన్లకు దించండి, అదే రోజున దించితే ప్రయోజనం లేదు. డీఎన్‌ఎస్ మార్చకముందే మీ కంప్యూటరు హోస్ట్స్ ఫైలులో కొత్త ఐపీ రాసుకుని ప్రతి సైటునూ తెరిచి చూడండి. డాట్ భారత్‌తో ముగిసే తెలుగు డొమైన్ ఉన్న క్లయింటు ఎవరైనా ఉంటే, సర్వరు ఫైళ్లలో ఆ పేరు తెలుగులో కాక ఎక్స్‌ఎన్‌తో మొదలయ్యే రోమన్ రూపంలో ఉంటుంది, వెతికేటప్పుడు అది గుర్తుంచుకోండి. సర్వరు అమెరికాలో ఉంటే గడియారం కూడా చూడండి: ఇక్కడి డేటా సెంటరులో అర్ధరాత్రి మొదలయ్యే బ్యాకప్ మీకు ఋతువును బట్టి ఉదయం పదిన్నరకో పదకొండున్నరకో నడుస్తుంది, సరిగ్గా మీ దుకాణాలు తెరిచే వేళకు.

బెజవాడ_వెబ్ | బుధవారం, రాత్రి 11:10

'అమ్మ' పరీక్ష ఇప్పుడే చేశాను. వార్తల పోర్టల్‌లో పన్నెండు వచ్చింది! ఇది తెలియకుండా మార్చి ఉంటే ఆరేళ్ల వార్తలు ఏమయ్యేవో.

రీసెల్లర్ ప్లానే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది మెయిల్: 38 మందిలో 9 మంది మెయిల్ గూగుల్, జోహోల దగ్గర ఉంది, తక్కినవారిది సర్వరులోనే. రెండోది ఫలితాల రోజు. ఆ రోజు పోర్టల్ మీద రద్దీకి సర్వరు మొత్తం కూలబడుతుంది.

రూట్‌గది | గురువారం, ఉదయం 6:05

మెయిల్ గురించి ముందు. గూగుల్, జోహోలకు మారిన ఆ 9 మందిలో ఒకరి డొమైన్ తీసుకుని, డబ్ల్యూహెచ్‌ఎంలో ఇమెయిల్ రూటింగ్ చూడండి. అది లోకల్ అని ఉంటే మీకొక వింత ఫిర్యాదు వచ్చి తీరుతుంది. ప్రపంచం నలుమూలల నుంచీ ఆయనకు మెయిల్స్ అందుతాయి, మీ సర్వరులోనే ఉన్న తక్కిన క్లయింట్లు పంపినవి మాత్రం అందవు. పంపినవారికి అందలేదన్న సమాచారమూ రాదు. ఎందుకంటే సర్వరులో మెయిల్ చేరవేసే ఎగ్జిమ్ అనే ప్రోగ్రామ్ ఆ డొమైన్ తన ఇంటిదే అనుకుని, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు వైపు చూడకుండా, ఎప్పుడో సర్వరులో మిగిలిపోయిన పాత మెయిల్‌బాక్సులో వేసేస్తుంది. ఒక క్లినిక్‌కు ల్యాబ్ నుంచి రావలసిన రిపోర్టులు నాలుగు నెలలు అలా పోగుపడి ఉండటం నేను స్వయంగా చూశాను. రూటింగ్‌ను రిమోట్ అని మార్చి, పాత మెయిల్‌బాక్సులో ఏముందో తీసి వారికి అందజేయండి.

సర్వరులోనే ఉన్నవారి మెయిల్‌కు గంటకు డొమైనుకు ఇన్ని అని పరిమితి పెట్టండి. ఒక గుమాస్తా పాస్‌వర్డు దొంగల చేతికి చిక్కితే, పరిమితి లేని ఖాతా తెల్లారేసరికి వేల స్పామ్ మెయిల్స్ పంపి, ఆ ఐపీని నల్లజాబితాల్లోకి ఎక్కిస్తుంది. ఐపీ అందరిదీ ఒకటే కాబట్టి నగల దుకాణం బిల్లు కూడా స్పామ్‌లోకే పోతుంది. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు ప్రతి డొమైనుకూ ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ అవి లేనివారిపట్ల కఠినంగా ఉంటున్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 దాటి పంపేవారికి డీమార్క్ (ఆ పరీక్షలో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా తప్పనిసరి చేసి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదన్నారు. మీ క్లయింట్లెవరూ అంత పంపకపోవచ్చు, అయినా డీమార్క్ పెట్టండి, ఖర్చేమీ లేదు. నా సొంత అభిప్రాయం అడిగితే, మెయిల్‌ను సైటు సర్వరులో ఉంచడమే ఇక మానుకోవాలి. డబ్బు కట్టగలిగినవారినందరినీ బయటి మెయిల్ సేవలకు పంపేయండి, మీ రాత్రుల నిద్ర సగం తిరిగి వస్తుంది.

పెంగ్విన్_పక్షం | గురువారం, ఉదయం 10:12

ఫలితాల రోజు గురించి నేను చెప్తాను. క్లౌడ్‌లినక్స్ ఉన్న సర్వరులో ఆ పోర్టల్ తన వాటా దాటగానే దానికి మాత్రమే 508 అనే లోపం చూపించి ఆపుతుంది, పక్కవాళ్లు క్షేమం. అంటే సర్వరు కూలదు, మీ పోర్టల్ కూలుతుంది. పోర్టల్ యజమానికి రెండూ ఒకటే.

అందుకే దాన్ని ఆ రీసెల్లర్ ప్లాన్‌లో పెట్టకండి, విడిగా ఒక వీపీఎస్ ఇచ్చి ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (పేజీల కాపీలను తన సర్వర్ల నుంచే పాఠకులకు అందించే సేవ) నిలబెట్టండి. లాగిన్ కాని పాఠకుడికి పేజీ క్యాష్ నుంచే వెళ్లాలి. ఒకే వార్తను పదివేల మంది చదువుతున్నప్పుడు పదివేలసార్లు డేటాబేసును అడగడంలో అర్థం లేదు. వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ పేజీ తెరిచిన ప్రతిసారీ లేచి చూస్తుంది కాబట్టి దాన్ని ఆపి, సర్వరు క్రాన్‌తో పది నిమిషాలకోసారి నడపండి. ఇది 38 సైట్లకూ చేయండి. అయితే అన్నింటినీ గంట కొట్టినట్లు సున్నా నిమిషానికే పెట్టకుండా ఒక్కొక్క నిమిషం జరుపుకుంటూ వెళ్లండి, లేకపోతే మీ సర్వరు మీద మీరే దాడి చేసినట్లవుతుంది.

విశాఖ_లెక్కలు | గురువారం, మధ్యాహ్నం 2:30

వీపీఎస్ ఖర్చు పోర్టల్ యజమానికి విడిగా కోట్ చేయండి, మీ జేబులో వేసుకోకండి.

ఫ్రిస్కో_నుంచి | శుక్రవారం, ఉదయం 8:20

బ్యాకప్ మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. రీసెల్లర్ ప్లాన్ వివరాల్లో రోజువారీ బ్యాకప్ అని రాసి ఉంటుంది, అది ఎక్కడ ఉంటుందో అడగండి. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు తగలబడినప్పుడు, సైటు ఒక భవనంలో, బ్యాకప్ ఆ ప్రాంగణంలోనే ఉన్నవారిలో కొందరు రెండూ పోగొట్టుకున్నారు. మీ సొంత కాపీ వేరే సంస్థ దగ్గర, వేరే ఊళ్లో ఉండాలి. ఆ కాపీని చెరిపే అధికారం సర్వరుకు ఉండకూడదు; సర్వరు వెళ్లి అక్కడ పెట్టడం కన్నా, అవతలి యంత్రం వచ్చి తీసుకుపోవడం మంచిది. చొరబడ్డవాడు మొదట వెతికేది బ్యాకప్‌నే.

నెలకొకసారి ఏదో ఒక క్లయింటును ఎంచుకుని, బ్యాకప్ నుంచి ఖాళీ ఖాతాలోకి సైటును తిరిగి నిలబెట్టి చూడండి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఫైళ్లన్నీ ఉన్నాయి, డేటాబేస్ డంపు మాత్రం సున్నా బైట్లు. పాస్‌వర్డు మారాక ఐదు నెలలుగా డంపు విఫలమవుతూ వచ్చింది, ఫైలు పేరు మాత్రం రోజూ తేదీతో సహా చక్కగా తయారవుతూనే ఉంది.

రూట్‌గది | శుక్రవారం, రాత్రి 9:00

మరో రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పేర్కొన్న రకాల సైబర్ ఘటనలను తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు నిల్వ ఉంచాలి. షేర్డ్ ఖాతాల్లో లాగ్‌లు రోజుల్లోనే చెరిగిపోతాయి. సీప్యానెల్‌లో వాటిని నెల నెలా భద్రపరిచే ఎంపిక ఉంది, దాన్ని ఆన్ చేసి బ్యాకప్‌తో పాటు బయటకు తరలించండి. మీ పాఠశాల సైటులోకి ఏ దారిన వచ్చారో చెప్పగలిగేవి ఆ లాగ్‌లే.

రెండోది ఎస్‌ఎస్‌ఎల్, అంటే సైటు కనెక్షన్‌ను సురక్షితం చేసే సర్టిఫికెట్. సర్టిఫికెట్ గరిష్ఠ కాలం దశలవారీగా తగ్గి 2029 మార్చి 15 నాటికి 47 రోజులకు చేరుతుంది. ఉచిత సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా గడువు హెచ్చరిక మెయిల్స్ పంపడం 2025 జూన్‌లో మానేసింది. ఎవరి సర్టిఫికెట్‌నైనా మీరు చేత్తో ఎక్కిస్తుంటే, ఈ తరలింపులోనే ఆటోఎస్‌ఎస్‌ఎల్‌కు (సీప్యానెల్ తనంతట తానే పునరుద్ధరించే పద్ధతికి) మార్చేయండి.

బెజవాడ_వెబ్ | ఆరు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 5:25

పెద్దలందరికీ కృతజ్ఞతలతో పురోగతి తెలియజేస్తున్నాను. 37 సైట్లు రీసెల్లర్ ప్లాన్‌లో 37 వేర్వేరు ఖాతాలుగా ఉన్నాయి, పోర్టల్ విడిగా వీపీఎస్‌లో ఉంది. మూడు పాత ఖాతాల్లో రెండింటిని రద్దు చేశాను. తరలింపులో ఒక్కొక్క ఖాతాను విడదీస్తున్నప్పుడు మరో నాలుగు సైట్లలో దాక్కున్న ఫైళ్లు బయటపడ్డాయి, వాటిలో ఒకటి నగల దుకాణం సైటులోనే ఉంది.

విశాఖ_లెక్కలు గారి షీటు నింపడానికి తరలింపు కన్నా ఎక్కువ సమయం పట్టింది. 38 డొమైన్లలో 17 నా పేరు మీదే ఉన్నాయని తేలింది. ఇన్నాళ్లూ అది సౌకర్యమనుకున్నాను. వాటిలో 12 ఇప్పటికి క్లయింట్ల పేర్లకు మార్చాను, మిగిలిన ఐదుగురు "మీ దగ్గరే ఉండనివ్వండి బాబూ" అంటున్నారు. మెయిల్ రూటింగ్ విషయంలో రూట్‌గది గారి మాట అక్షరాలా నిజమైంది. ఒక క్లినిక్ పాత మెయిల్‌బాక్సులో 212 చదవని ఉత్తరాలు దొరికాయి.

మిగిలిన ఆ మూడో పాత ఖాతాలో ఒక పాఠశాల అటెండెన్స్ అప్లికేషన్ ఉంది. అది పీహెచ్‌పీ 5.6లో తప్ప నడవదు, రాసిన వ్యక్తి ఇప్పుడు లేరు. దాన్ని కొత్త సర్వరుకు తేవడమా, అక్కడే వదిలేయడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

రూట్‌గది | ఆదివారం, రాత్రి 8:40

కొత్త సర్వరుకు తేవద్దు. అది అక్కడే ఒంటరిగా ఉండనివ్వండి, పాఠశాల ఇంటర్నెట్ ఐపీకి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా ఆ ఫోల్డరుకు హెచ్‌టీయాక్సెస్‌లో కట్టడి పెట్టండి. పాఠశాలకు స్థిరమైన ఐపీ ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే ఫోల్డరుకు పాస్‌వర్డు పెట్టడమొక్కటే దారి. ఈలోగా దాని డేటాబేసులో 'అమ్మ' ఎంత పొడవుందో కూడా ఒకసారి చూడండి.

బెజవాడ_వెబ్ | ఆదివారం, రాత్రి 9:15

చూశాను. నాలుగే. స్థిరమైన ఐపీ సంగతి రేపు పాఠశాల తెరిచాక అడుగుతాను.